ఇంటి కరెంటు ఇంట్లోనే: ప్యానెళ్ల కంటే ముందు వేళల లెక్క

[తెరపై: డాబా మీద సోలార్ ప్యానెల్, మిట్టమధ్యాహ్నపు ఎండ]

మన ఇంటికి కావలసిన కరెంటును మనమే తయారు చేసుకోవచ్చా? నిశ్చింతగా చేసుకోవచ్చు. అయితే చాలామంది ఈ పనిని తలకిందులుగా మొదలుపెడతారు. ఎన్ని ప్యానెళ్లు పెట్టించాలని అడుగుతారు. ముందుగా తేల్చుకోవలసింది వేరే ఉంది: మీ ఇల్లు ఏ వేళలో ఎంత కరెంటు వాడుతోంది?

[తెరపై: తిరుగుతున్న సీలింగ్ ఫ్యాను, పక్కన అంకెలు]

వెయ్యి వాట్ల పరికరం గంటసేపు పనిచేస్తే ఒక యూనిట్. పాతరకం సీలింగ్ ఫ్యాను సుమారు 75 వాట్లు తీసుకుంటుంది. రోజుకు 12 గంటలు తిరిగితే 0.9 యూనిట్. బీఎల్‌డీసీ అనే, తక్కువ కరెంటుతో నడిచే రకం మోటారు ఉన్న ఫ్యాను 30 వాట్లతోనే అంత గాలీ ఇస్తుంది. నాలుగు ఫ్యాన్లు మారిస్తే రోజుకు రెండు యూనిట్లకు పైగా ఆదా. మంచి ఎండ కాసే చోట ఒక కిలోవాట్ ప్యానెళ్లు రోజుకు సుమారు నాలుగు యూనిట్లు ఇస్తాయి. అంటే ఫ్యాన్లు మార్చడమే అర కిలోవాట్ ప్యానెళ్లు పెట్టినంత పని! అందుకే ముందు వాడకం తగ్గించండి, తర్వాతే తయారీ సంగతి చూడండి.

ఇప్పుడు వేళల లెక్క. ఒక వారం పాటు సూర్యోదయానికి, సూర్యాస్తమయానికి మీటరు రీడింగు రాసి పెట్టుకోండి. పగటి వాడకం ఎంతో, రాత్రి వాడకం ఎంతో విడివిడిగా తెలుస్తుంది. పగటి వాడకానికి ప్యానెళ్లు చాలు. రాత్రి వాడకానికి బ్యాటరీ కావాలి, లేదా బయటి లైను మీద ఆధారపడాలి. నీళ్ల మోటారు, వాషింగ్ మెషీన్, ఇస్త్రీ వంటి పనులను మధ్యాహ్నానికి మార్చుకుంటే బ్యాటరీ భారం తగ్గుతుంది.

[తెరపై: ప్యానెల్ మీద తీగ నీడ, బాగా దగ్గరగా]

ఈ నీడను చూడండి. సన్నటి గీతే కదా అనిపిస్తుంది. కానీ ప్యానెల్‌లోని సెల్స్, అంటే ఎండను కరెంటుగా మార్చే బిళ్లలు, ఒకదాని వెంట ఒకటి వరుసగా కలిసి ఉంటాయి. ఒక్క సెల్ మీద నీడ బాగా పడినా ఆ వరుస మొత్తంలో కరెంటు తగ్గిపోతుంది. నష్టం మిగతా వరుసలకు పాకకుండా, కరెంటుకు పక్కదారి చూపే బైపాస్ డయోడ్లు కాపాడతాయి, కానీ ఆ వరుస ఇవ్వాల్సింది మాత్రం పోయినట్టే. నీళ్ల ట్యాంకు, చెట్టు కొమ్మ, పిట్టగోడ నీడలు ఉదయం ఒకచోట, సాయంత్రం మరోచోట పడతాయి. కాలాన్ని బట్టీ జరుగుతాయి.

వేడి కూడా శత్రువే. ప్యానెల్ మీద రాసే వాట్లు, సెల్ ఉష్ణోగ్రత 25 డిగ్రీలు ఉన్నప్పటివి. ఆపైన పెరిగే ప్రతి డిగ్రీకి సుమారు 0.3 నుంచి 0.4 శాతం తగ్గుతుంది. ఎండలో సెల్స్ 60 డిగ్రీలకు చేరితే పదో వంతుకు పైగా పోయినట్టే. అందుకే ప్యానెల్ కింద గాలి ఆడేంత ఖాళీ వదలాలి. అయినా ఈ విద్య ఎంత ఎదిగిందో చూడండి: 1954లో బెల్ ల్యాబొరేటరీస్ చూపించిన సిలికాన్ సెల్ సామర్థ్యం, అంటే మీద పడిన ఎండలో కరెంటుగా మార్చే భాగం, సుమారు 6 శాతం. ఇప్పుడు ఇళ్ల మీద పెట్టేవి 20 శాతం దాటాయి.

[తెరపై: ఇన్వర్టర్]

ప్యానెల్ ఇచ్చేది ఒకే దిశలో పారే డీసీ కరెంటు. దాన్ని ఇన్వర్టర్ మన ఇంటి పరికరాలు వాడే ఏసీ కరెంటుగా మారుస్తుంది. ఇక్కడే చాలామంది నిరాశపడతారు. బయటి లైనుకు కలిపిన సాధారణ సోలార్ ఇన్వర్టర్, ఆ లైనులో కరెంటు పోగానే తానూ ఆగిపోతుంది. నడినెత్తిన ఎండ ఉన్నా ఇంట్లో ఫ్యాను తిరగదు. లైను బాగుచేసే కార్మికుడికి మన కరెంటు తగలకూడదన్నదే దీని ఉద్దేశం. అది ఉండి తీరాల్సిన ఏర్పాటు. కోతల్లోనూ ఇల్లు నడవాలంటే బ్యాటరీతోనూ పనిచేసే హైబ్రిడ్ ఇన్వర్టర్, దానికి బ్యాటరీ పెట్టించుకోవాలి.

రాత్రికి నాలుగు యూనిట్లు కావాలనుకుందాం. లెడ్ యాసిడ్ బ్యాటరీని సగానికి మించి ఖాళీ చేస్తే త్వరగా పాడవుతుంది కాబట్టి ఎనిమిది యూనిట్లు నిల్వచేసేది కావాలి. లిథియం ఐరన్ ఫాస్ఫేట్ రకాన్ని ఇంకా ఎక్కువగా ఖాళీ చేయవచ్చు కాబట్టి అయిదు యూనిట్లది సరిపోతుంది.

ఇక గాలిమర. గాలి వేగం సగమైతే అందే శక్తి ఎనిమిదో వంతుకు పడిపోతుంది. ఇళ్ల మధ్య గాలి సుడులు తిరుగుతుంది కాబట్టి డాబా మీద చిన్న గాలిమరను నేను సిఫార్సు చేయను. ఇంటి పక్కన ఏడాది పొడవునా పారే సెలయేరు ఉంటే మాత్రం అదృష్టమే. సెకనుకు ఒక లీటరు నీరు పది మీటర్ల ఎత్తు నుంచి పడితే, నష్టాలు పోగా సుమారు 50 వాట్లు వస్తాయి. తక్కువే అనిపించినా రాత్రింబవళ్లు వస్తుంది కాబట్టి రోజుకు 1.2 యూనిట్లు.

[తెరపై: ప్రశ్నలు ఒక్కొక్కటిగా]

బయటి లైనును పూర్తిగా వదులుకోవాలంటే, వరుసగా ముసురు పట్టిన రోజులకు సరిపడా బ్యాటరీ కావాలి. ఖర్చు అక్కడే కొండెక్కుతుంది. నా సలహా, లైను ఉంచుకుని పగటి వాడకంతో మొదలుపెట్టండి. ప్యానెళ్లు బిగించేవారిని ఒప్పందానికి ముందే అడగండి: ఉదయం, సాయంత్రం నీడలు చూశారా? కరెంటు పోయినప్పుడు ఏయే గదులకు సరఫరా ఉంటుంది? వెలుతురు పడినంతసేపూ ప్యానెల్ తీగల్లో కరెంటు ఉంటుంది కదా, దాన్ని వేరుచేసే స్విచ్ ఎక్కడ పెడతారు?