పొద్దుటి సభ: మద్రాసు మ్యూజిక్ అకాడమీ శాస్త్ర కృషి మీద ఒక చర్చ

సమన్వయకర్త: నమస్కారం. మద్రాసు మ్యూజిక్ అకాడమీ అనగానే మనకు డిసెంబరు కచేరీలు గుర్తుకు వస్తాయి. ఆ కచేరీలు జరిగే రోజుల్లోనే పొద్దున పూట విద్వాంసులు, పండితులు ఒకచోట కూర్చుని రాగలక్షణాల మీద, పాత గ్రంథాల మీద వాదించుకునే సభ ఒకటి నడుస్తుంది. నేటి చర్చ ఆ సభ గురించే. మనతో ఒక సంగీతశాస్త్ర పరిశోధకురాలు, ఒక వీణ విద్వాంసులు, రాతప్రతుల గ్రంథాలయంలో చాలాకాలం పనిచేసిన ఒక సంపాదకులు ఉన్నారు. అమ్మా, ఈ సంస్థ ఎలా పుట్టిందో మీరు చెప్పండి.

పరిశోధకురాలు: 1927 డిసెంబరులో మద్రాసులో కాంగ్రెస్ మహాసభ జరిగినప్పుడు, దానికి అనుబంధంగా అఖిల భారత సంగీత సమ్మేళనం కూడా జరిగింది. సంగీతానికి శాశ్వతమైన సంస్థ ఒకటి ఉండాలన్న తీర్మానం అక్కడే వచ్చింది. దాని ఫలితంగా 1928 ఆగస్టు 18న సర్ సి. పి. రామస్వామి అయ్యర్ అకాడమీని ప్రారంభించారు. అయితే పండితులు ఒకచోట చేరి శాస్త్రాన్ని చర్చించాలన్న ఆలోచన అంతకు ముందే ఉంది. తంజావూరులో అబ్రహాం పండితర్ 1912లో సంగీత విద్యా మహాజన సంఘం స్థాపించి సమ్మేళనాలు జరిపించారు. 1916లో హిందుస్తానీ సంగీత పండితుడు భాత్‌ఖండే చొరవతో బరోడాలో తొలి అఖిల భారత సమ్మేళనం జరిగితే పండితర్ అక్కడికీ వెళ్లారు. స్థాయిలోని సూక్ష్మ స్వరస్థానాలైన శ్రుతులు 22 అన్న పాత లెక్కను కాదని 24 అని ఆయన పట్టుబట్టి వాదించారు. ఆ వాదన నిలిచిందా లేదా అన్నది వేరే సంగతి. శాస్త్రంలోని మాటను నలుగురి ముందు పాడి, వాయించి పరీక్షించాలన్న పట్టుదల మాత్రం మద్రాసు సభకు ఈ పెద్దల నుంచే అందిందని నా నమ్మకం.

సమన్వయకర్త: అయ్యా, పరీక్షించడం అంటే ఏమిటో వాద్యం చేతబట్టిన మీ నోట వింటే బాగుంటుంది.

వీణ విద్వాంసులు: మేళం లేదా మేళకర్త అంటే ఇతర రాగాలకు మూలమైన ఏడు స్వరాల రాగం. అలాంటి 72 మేళాల్లో 22వది తీసుకుందాం. ఈ రోజు ఏ విద్యార్థిని అడిగినా ఖరహరప్రియ అంటాడు. ఏడు స్వరాలూ వరుసగా ఎక్కి, వరుసగా దిగుతాయి. సుబ్బరామ దీక్షితుల 'సంగీత సంప్రదాయ ప్రదర్శిని' తెరిస్తే అదే చోట శ్రీరాగం కనిపిస్తుంది. శ్రీరాగం ఆరోహణలో గాంధారం లేదు, ధైవతం లేదు. అవరోహణలో గాంధారం 'రి గ రి స' అని వంకరగా వస్తుంది. మేళకర్త అయ్యే రాగానికి స్వరాలు వరుసగా ఉండితీరాలా, లేక ఏడు స్వరాలూ ఎక్కడో ఒకచోట తగిలితే చాలా అన్నదే ఇందులోని తగాదా. త్యాగరాజస్వామి కృతులు పాడేవారు మొదటి పక్షం, ముత్తుస్వామి దీక్షితుల పరంపర రెండో పక్షం. రెండు పక్షాలకూ కృతుల సాక్ష్యం ఉంది. ఇలాంటి చోట పుస్తకం చూసి తీర్పు చెబితే సరిపోదు. ఒక విద్వాంసుడు తన గురువు నేర్పిన కృతి పాడాలి, ఇంకొకరు తమ పాఠం వినిపించాలి. ఏ సంచారం, అంటే స్వరాల నడక, అందరిలోనూ ఉంది, ఏది ఒక్క ఇంటికే పరిమితం అన్నది అప్పుడు తేలుతుంది. పొద్దుటి సభలో అకాడమీ నిపుణుల సంఘం చేసిన పని ఇదే.

పరిశోధకురాలు: దీనికి ఒక్క మాట కలుపుతాను. 72 మేళాల పథకం మొదలైన 17వ శతాబ్ది గ్రంథం 'చతుర్దండీ ప్రకాశిక'లోనే, తన కాలంలో వాడుకలో ఉన్నవి 19 మేళాలేనని వేంకటమఖి అంటాడు. మిగిలినవి అప్పటికి గణితం మాత్రమే. ఆ మేళాలకు కనకాంబరి, ఫేనద్యుతి మొదలైన పేర్లతో ఉన్న జాబితా తరువాతి తరం వారిది. కనకాంగి, రత్నాంగి జాబితా ఇంకొక దారి. శాస్త్రనియమమైన లక్షణం ముందు నడిస్తే, పాటలోని వాడుక అయిన లక్ష్యం వెనక వచ్చిన సందర్భాలూ ఉన్నాయన్నమాట. లక్ష్యమే ఎప్పుడూ గొప్పదని లక్షణాన్ని కొట్టిపారేయడానికి వీలు లేదు.

వీణ విద్వాంసులు: ఒప్పుకుంటాను. కానీ ఆ గణితానికి ప్రాణం పోసినవారు వాగ్గేయకారులే కదా.

సమన్వయకర్త: గ్రంథాల విషయానికి వద్దాం. సంపాదకులు గారు, ఈ ప్రచురణల్లో మీకు ముఖ్యమైనవిగా తోచేవి ఏవి?

సంపాదకులు: 1930 నుంచి వెలువడుతున్న అకాడమీ పత్రికను ముందు చెప్పుకోవాలి. పొద్దుటి సభలో ఎవరు ఏమన్నారో అందులో అచ్చయింది కాబట్టే ఈనాడు మనం మాట్లాడగలుగుతున్నాం. 1944 నుంచి 1979లో మరణించే దాకా కార్యదర్శిగా ఉన్న డాక్టర్ వి. రాఘవన్ సంస్కృత పండితులు కావడం వల్ల పత్రికకు గట్టి శాస్త్రదృష్టి అబ్బింది. 'చతుర్దండీ ప్రకాశిక' 1934లో, తంజావూరు తుళజ మహారాజు 'సంగీత సారామృతం' 1942లో అకాడమీ తరఫున వచ్చాయి. నాకు మాత్రం 'ప్రదర్శిని' కథే అన్నిటికన్నా దగ్గరగా అనిపిస్తుంది. 1904లో తమిళదేశంలోని ఎట్టయపురంలో అచ్చయిన ఆ గ్రంథం పూర్తిగా తెలుగు లిపిలో ఉంది. ముత్తుస్వామి దీక్షితుల 229 కృతులు స్వరాలతో, స్వరాన్ని ఊపి పలికే గమకాల చిహ్నాలతో సహా అందులో ఉన్నాయి. సంగీతం రాసుకోవడానికి అక్కడివారు తెలుగునే వాడిన కాలం అది. తరువాతి తరాలకు ఆ లిపి దూరమయ్యేసరికి అకాడమీ 1961 నుంచి సంపుటాలుగా తమిళ లిపిలో వెలువరించింది. మనకు లిపి అడ్డం కాదు. అయినా మన సంగీత కళాశాలల్లో ఆ పుస్తకాన్ని ముందు పెట్టుకుని పాఠం చెప్పడం నేను చూసింది చాలా తక్కువ. అది నన్ను బాధపెడుతుంది.

సమన్వయకర్త: భాష మాట వచ్చింది కాబట్టి అడుగుతున్నాను. కచేరీల్లో తమిళ పాటకు చోటు కోరిన తమిళ ఇసై ఉద్యమం నాటి అకాడమీ వైఖరి సంగతి ఏమిటి?

పరిశోధకురాలు: 1941లో అణ్ణామలై విశ్వవిద్యాలయంలో తమిళ పాటకు ప్రాధాన్యం కోరుతూ సమావేశం జరిగింది. భాష పేరుతో సంగీత ప్రమాణం తగ్గకూడదన్నది అకాడమీ సమాధానం. 1943లో తమిళ ఇసై సంఘం వేరుగా ఏర్పడింది. ఆ సమాధానం తెలుగు కృతులకు అండగా నిలిచింది కనుక మనకు నచ్చుతుంది. అందుకే మనం జాగ్రత్తగా ఆలోచించాలి. తన మాతృభాషలో పాట వినాలన్న శ్రోత కోరిక న్యాయమైనది. దానికి ప్రమాణం గురించి జవాబు చెప్పడం నాకు సరిపోయినట్టు అనిపించదు.

వీణ విద్వాంసులు: సభలో ఎవరి మాట చెల్లింది అన్న ప్రశ్న కూడా ఉంది. అకాడమీ ఇచ్చే సంగీత కళానిధి బిరుదు అందుకున్న తొలి మహిళ ఎం. ఎస్. సుబ్బులక్ష్మి, అది 1968లో. అంటే సంస్థ పుట్టిన 40 ఏళ్లకు. నర్తకి బాలసరస్వతి వంతు 1973లో వచ్చింది. మృదంగ విద్వాంసుల్లో తొలిసారి పాల్ఘాట్ మణి అయ్యర్‌కు 1966లో దక్కింది. పదాల సంప్రదాయాన్ని నిలబెట్టినవారు దేవదాసీ కుటుంబాల స్త్రీలు, రాగాలాపనను విస్తరించినవారు నాదస్వర విద్వాంసులు. వారి పాఠాలను మొదటి నుంచీ ఇంకా ఎక్కువగా సాక్ష్యంగా తీసుకుని ఉంటే రాగలక్షణాలు మరింత నిండుగా ఉండేవి.

సంపాదకులు: తెలుగువారి సంగతి కూడా చెప్పాలి. అకాడమీ 1941 వార్షిక సమ్మేళనానికి ద్వారం వెంకటస్వామి నాయుడు గారు అధ్యక్షత వహించారు. 1974లో రాళ్లపల్లి అనంతకృష్ణశర్మ గారికి, 1983లో శ్రీపాద పినాకపాణి గారికి, 1998లో ప్రకాశం జిల్లా కరవదికి చెందిన నాదస్వర విద్వాంసులు షేక్ చినమౌలానా గారికి కళానిధి బిరుదు వచ్చింది. వీరిలో రాళ్లపల్లి వారు అన్నమయ్య సంకీర్తనలకు స్వరరచన చేసిన సాహిత్య పండితులు. పాడేవారినీ, రాసేవారినీ ఒకే పీఠం మీద కూర్చోబెట్టిన సంప్రదాయం అది.

సమన్వయకర్త: ఈ చర్చ విన్న విద్యార్థి రేపు పొద్దున ఎక్కడ మొదలుపెట్టాలి?

వీణ విద్వాంసులు: శ్రీరాగంతోనే. ముందు గురువు దగ్గర నేర్చుకున్న కృతి పాడుకోవాలి. తరువాత 'ప్రదర్శిని'లో ఆ రాగం పుట తెరిచి, అక్కడి గమక చిహ్నాలను ఒక్కొక్కటిగా పలికించి, తన పాఠానికీ ఆ పాఠానికీ ఎక్కడ తేడా వచ్చిందో కాగితం మీద రాసుకోవాలి. ఆ కాగితం పట్టుకుని గురువు దగ్గరికి వెళ్లాలి.