డేటా అయిపోతుందన్న బెంగ ఎవరికి లేదో, వాళ్లే మధ్యతరగతి

నమస్కారం. ఒక కుటుంబం మధ్యతరగతిదా కాదా అని తేల్చడానికి ఆర్థికవేత్తలు చాలా కొలతలు వాడారు. ఎక్కువమంది రోజుకు ఇన్ని డాలర్ల ఆదాయం అని గీత గీశారు. 2012లో అమెరికాలోని కార్నెగీ ఎండోమెంట్ అనే పరిశోధన సంస్థ తరఫున ఉరి దాదుష్, షిమెల్సే అలీ అనే ఇద్దరు ఇంకో దారి చూపించారు. దేశంలో తిరిగే కార్లను లెక్కపెడితే మధ్యతరగతి ఎంతుందో తెలుస్తుందన్నారు. మంచి ఆలోచనే. కానీ నన్నడిగితే, అభివృద్ధి చెందుతున్న దేశాల్లో ఇప్పుడు కారు కన్నా ఇంటర్నెట్ ఖర్చే ఎక్కువ సంగతులు చెబుతుంది.

అలాగని చేతిలో స్మార్ట్‌ఫోన్ ఉన్నవాళ్లందరినీ మధ్యతరగతిలో కలిపేయకండి. డేటా ఎలా కొంటున్నారో చూడాలి.

ఒకామెను ఊహించుకోండి. ఫోనుంది, సిగ్నలుంది. ఆ రోజు కూలి చేతికొస్తే ఒక్క రోజుకు సరిపడా ప్యాక్ వేయించుకుంటుంది. మెసేజ్ వెళ్లిందని చూసుకుని వెంటనే మొబైల్ డేటా ఆఫ్ చేస్తుంది. ఎవరైనా వీడియో పంపితే తెరవదు. యాప్ అప్‌డేట్ అడిగిన ప్రతిసారీ 'తర్వాత' అనే నొక్కుతుంది. పని దొరకని రోజు నెట్ కూడా ఉండదు. ప్రభుత్వ లెక్కల్లో ఈమె ఇంటర్నెట్ వినియోగదారు. నెల మొదట్లో ఒకసారి డబ్బు కట్టేసి, మళ్లీ నెలాఖరు దాకా ఆ ఊసే ఎత్తని మనిషి కూడా అదే లెక్కలో, అదే పేరుతో ఉంటాడు. మనం వెతుకుతున్న గీత ఈ ఇద్దరి మధ్యే ఉంది.

ఆర్థికవేత్తలు అభిజిత్ బెనర్జీ, ఎస్తేర్ డఫ్లో 2008లో చాలా దేశాల కుటుంబాలను పరిశీలించి, పేదలకూ మధ్యతరగతికీ ఉన్న ముఖ్యమైన తేడా నికరమైన ఉద్యోగం, క్రమం తప్పకుండా వచ్చే జీతం అని చెప్పారు. డేటా కొనే తీరులో కనిపించేది సరిగ్గా అదే. నెల జీతం ఉన్నవాళ్లు నెల ప్లాన్ తీసుకోగలరు. రోజు కూలి మీద బతికేవాళ్లు రోజు ప్యాక్ కొంటారు.

బాధ కలిగించే విషయం ఏమిటంటే, అలా చిన్న ప్యాక్ కొనేవాళ్ల దగ్గరే ఎక్కువ ధర వసూలవుతుంది. దక్షిణాఫ్రికాలో మార్కెట్‌లో పోటీ సవ్యంగా ఉందా అని చూసే ప్రభుత్వ సంస్థ కాంపిటీషన్ కమిషన్ దీని మీద విచారణ జరిపి 2019 డిసెంబర్‌లో తుది నివేదిక ఇచ్చింది. చిన్న ప్యాక్‌లలో ఒక్కో ఎంబీ ధర పెద్ద ప్యాక్‌ల కన్నా బాగా ఎక్కువని, ఆ భారం పేదల మీదే పడుతోందని తేల్చింది. ఆ ఒత్తిడి తర్వాత 2020 ఏప్రిల్‌లో అక్కడి మొబైల్ కంపెనీ వోడాకామ్ 1 జీబీ నెల ప్యాక్‌ను 149 ర్యాండ్ల నుంచి 99 ర్యాండ్లకు దించింది. అంటే ధర తగ్గించడం సాధ్యమే, అడిగేవాళ్లుండాలి.

ఉగాండాలో దీనికి పూర్తిగా వ్యతిరేకంగా జరిగింది. 2018 జూలైలో సోషల్ మీడియా వాడాలంటే రోజుకు 200 షిల్లింగులు కట్టాలని పన్ను వేశారు. 2021లో దాన్ని తీసేసి డేటా మీదే 12 శాతం పన్ను పెట్టారు. ఉన్నవాళ్లకు అది పట్టించుకోనక్కర్లేని మొత్తం. రోజు ప్యాక్ వాళ్లకు మాత్రం నెట్ మానేయాలా అన్నంత బరువు.

మరి ప్రపంచం ఈ భారాన్ని ఎలా కొలుస్తోంది? ఐక్యరాజ్యసమితి బ్రాడ్‌బ్యాండ్ కమిషన్ 2018లో ఒక లక్ష్యం పెట్టింది: 2025 కల్లా ప్రాథమిక ఇంటర్నెట్ ఖర్చు సగటు నెల ఆదాయంలో 2 శాతం దాటకూడదు. చిక్కంతా ఆ 'సగటు' దగ్గరే. సగటు ఆదాయం నెలకు 300 డాలర్లు ఉన్న దేశంలో ప్యాక్ 6 డాలర్లయితే లక్ష్యం నెరవేరినట్టే లెక్క. అదే దేశంలో 100 డాలర్లు సంపాదించే ఇంటికి అది 6 శాతం. ఇంట్లో నలుగురికి నాలుగు ప్యాక్‌లు కావాలంటే 24 శాతం. తిండి ఖర్చులోంచి కోసుకుంటే తప్ప ఆ డబ్బు రాదు.

డేటా చవకైన చోట ఈ కొలత కొంత మారుతుందని ఒప్పుకోవాలి. 2016లో జియో వచ్చాక భారతదేశంలో డేటా ధర అమాంతం పడిపోయింది. అక్కడ తేడా ఇప్పుడు ఇంట్లో ఎన్ని ఫోన్లున్నాయి, పిల్లలు చదువుకోవడానికి సొంత కనెక్షన్ ఉందా అన్న దగ్గర కనిపిస్తుంది. 2020లో బడులు మూతపడ్డప్పుడు యూనిసెఫ్, ఐక్యరాజ్యసమితి టెలికాం సంస్థ ఐటీయూ కలిసి చెప్పిన లెక్క ప్రకారం, 3 నుంచి 17 ఏళ్ల పిల్లల్లో మూడింట రెండొంతుల మందికి, అంటే 130 కోట్ల మందికి ఇంట్లో ఇంటర్నెట్ లేదు.

అందుకే ఇంటింటి సర్వేల్లో 'మీకు ఇంటర్నెట్ ఉందా?' అన్న ప్రశ్నతో ఆగిపోవద్దని నా అభిప్రాయం. పోయిన నెలలో డబ్బులేక ఎన్ని రోజులు నెట్ లేకుండా గడిపారు? ఒక ఫోన్‌ను ఎంతమంది పంచుకుంటున్నారు? రీఛార్జ్ కోసం ఏ ఖర్చు తగ్గించుకున్నారు? ఈ మూడూ అడిగి, జవాబులను ఆదాయ వర్గాల వారీగా విడివిడిగా ప్రకటిస్తే, ఇవాళ మధ్యతరగతి అని రాసుకుంటున్న ఇళ్లలో ఎన్ని నిజంగా ఆ గీత దాటాయో తెలుస్తుంది.