ఏనుగుకి కర్ర ఇచ్చి ఫెయిల్ చేశారు

నమస్కారమండీ. ఏ వాట్సాప్ గ్రూపు తెరిచినా ఇదే పోస్టర్. కుక్కకి రెండేళ్ల పిల్లాడి తెలివి, కాకికి ఏడేళ్ల పిల్లాడి తెలివి, డాల్ఫిన్‌కి ఇంకెంతో. పక్కన నిచ్చెన బొమ్మ, పై మెట్టు మీద మనం. చూసినప్పుడల్లా నాకు ఒళ్లు మండుతుంది. కాకి సంగతి ఎలా ఉన్నా, ఈ లెక్కలు మాత్రం కాకి లెక్కలే.

[స్క్రీన్ మీద: ఏనుగు, పైన వేలాడుతున్న పండు]

వాషింగ్టన్‌లోని నేషనల్ జూలో కందుల అనే ఏడేళ్ల మగ ఏనుగు ఉండేది. పండ్లు తొండానికి అందనంత ఎత్తులో కట్టి, కింద కర్రలు పడేశారు. చింపాంజీ అయితే కర్రతో లాక్కుంటుంది. కందుల కర్రని పండు వైపు ఎత్తనే లేదు. ఇక్కడితో ఆపేస్తే ఏం రాసేవాళ్లు? ఏనుగుకి అంత బుర్ర లేదని.

తొండమంటే చెయ్యి ఒక్కటే కాదండి, ముక్కు కూడా. దాని కొసతోనే పండు ఎక్కడుందో వాసన చూస్తుంది, తడుముతుంది. ఆ కొసతో కర్ర పట్టుకోమంటే, మన ముక్కు మూసేసి వంటింట్లో ఏం కూర ఉడుకుతోందో చెప్పమన్నట్టే. చెప్పలేకపోతే వంట రాదని సర్టిఫికెట్ ఇవ్వడం!

తర్వాత ఒక పెద్ద ప్లాస్టిక్ డబ్బా పెట్టారు. కందుల దాన్ని దొర్లించుకుంటూ పండు కిందికి తెచ్చి, ముందు కాళ్లు పైన పెట్టి, తొండం చాచి పండు అందుకుంది. ముక్కు మూయలేదు, అంతే తేడా. డబ్బా తీసేస్తే పెద్ద టైరుతో అదే పని చేసింది. 2011లో ఈ పరిశోధన అచ్చయింది. మరో మాట, అదే పరీక్ష పెడితే అక్కడున్న రెండు ఆడ ఏనుగులకి ఈ ఉపాయం తట్టలేదు. ఇప్పుడు చెప్పండి, 'ఏనుగు తెలివి' అని ఏ ఏనుగుది రాద్దాం?

ఇదే ముక్కు గొడవ కుక్కకీ ఉంది. అద్దంలో తనని తాను గుర్తుపట్టడం స్వీయ స్పృహకి, అంటే 'ఇది నేను' అనే ఎరుకకి గుర్తని 1970 నుంచీ పరీక్ష పెడుతున్నారు. కుక్క ఫెయిల్. అద్దంలో వాసన రాదు కదా పాపం! తన మూత్రం వాసననే కొంచెం మార్చి పెడితే, మామూలు దానికంటే ఎక్కువ సేపు వాసన చూసింది. అంటే తన వాసనేదో దానికి తెలుసన్నట్టే కదా. మన కళ్ల పరీక్షని దాని ముక్కుకి పెట్టాం.

సరే, తిరగేసి చూద్దాం. జపాన్‌లో క్యోటో యూనివర్సిటీ చింపాంజీ అయుము. తెర మీద అంకెలు సెకనులో ఐదో వంతు సేపు మెరిసి మాయమవుతాయి, ఏ అంకె ఎక్కడుందో వరసలో నొక్కాలి. 2007లో కాలేజీ విద్యార్థుల్ని మించిపోయింది. బాగా ప్రాక్టీస్ చేసిన మనుషులు అందుకోగలరని తర్వాత తేలింది, అది వేరే విషయం. ఈ ఒక్క ఆటే పోస్టర్‌లో వేస్తే నిచ్చెన మీద మన మెట్టు ఎక్కడ?

టైమ్ అయిపోతోంది, గబగబా చెప్పేస్తాను. మెదడు సైజు, అందులో న్యూరాన్లు, అంటే నాడీ కణాలు, ఎన్నో చూస్తే సరిపోతుంది కదా అంటారు. సరిపోదు. ఏనుగుకి దాదాపు 25,700 కోట్ల న్యూరాన్లు, మనకి 8,600 కోట్లు. కానీ ఏనుగువి నూటికి 97కి పైగా మెదడు వెనక ఉండే సెరిబెల్లంలోనే. అంత భారీ తొండాన్ని నడపడానికే అన్ని కావాలేమో అని ఒక అంచనా. ఆలోచనకి ముఖ్యమైన పై పొర కార్టెక్స్‌లో మనకి 1,600 కోట్లుంటే, దానికి 560 కోట్లే. ఆక్టోపస్‌కైతే దాదాపు 50 కోట్ల న్యూరాన్లలో మూడింట రెండు వంతులు చేతుల్లోనే ఉంటాయి. అది చెప్పాలంటే ఇంకో వీడియో పడుతుంది, వచ్చే వారం చేస్తాను.