అల్బెరోబెల్లో: పన్ను ఎగ్గొట్టడానికి కట్టిన ఊరు

అందరికీ నమస్తే అండీ. ఇవాళ దక్షిణ ఇటలీలో, పూలియా ప్రాంతంలో ఉన్న అల్బెరోబెల్లో చూద్దాం. నా వెనక ఇళ్లు చూశారా? తెల్ల గోడల మీద గరాటు బోర్లించినట్టు రాతి కప్పులు! వీటినే త్రుల్లీ అంటారు. 1996 నుంచి యునెస్కో జాబితాలో ఉన్నాయి.

కెమెరా కాస్త దగ్గరికి తెస్తా, చూడండి. కప్పులో సిమెంట్ లేదు, సున్నం లేదు, దూలం కూడా లేదు. ఇక్కడి పొలాల్లో దొరికే సున్నపురాయినే పలకలుగా కొట్టి, ఒక్కో వరసా కొంచెం లోపలికి జరుపుతూ పేర్చుకుంటూ పోయి, చివర ఒక్క రాయితో మూసేశారు. గోడలు ఎంత మందమంటే, బయట ఎండ మండుతున్నా లోపల చల్లగానే ఉంటుంది.

మరి గార ఎందుకు వాడలేదు? అసలు కథంతా ఇక్కడే ఉంది. అప్పట్లో ఈ ఊరు కాన్వెర్సానో కౌంట్ల చేతిలో, అంటే మన జమీందార్లలాంటి దొరల చేతిలో ఉండేది. నేపుల్స్ రాజ్యంలో కొత్త ఊరు కట్టాలంటే రాజు అనుమతి కావాలి, పన్నూ కట్టాలి. అందుకని కౌంట్లు రైతులను గార లేకుండా కట్టుకోమన్నారట. తనిఖీకి వస్తున్నారంటే చాలు, కప్పులు పడగొట్టేయడమే. రాళ్ల గుట్టలకు పన్నేంటి? డబ్బు మిగిలేది దొరకి, నెత్తిన నీడ పోయేది రైతుకి! చివరికి 1797లో ఊరివాళ్లు కొందరు రాజు నాలుగో ఫెర్డినాండ్‌కి మొరపెట్టుకుంటే, ఆయన ఊరిని కౌంట్ల పెత్తనం నుంచి తప్పించాడు. ఆ ఏడాదే గారతో కట్టిన ‘కాసా దమోరె’ అనే ఇల్లు ఇప్పటికీ ఉంది.

ఇక చూడాల్సినవి. రియోనె మోంతి అనే పేటలో వెయ్యికి పైగా త్రుల్లీలున్నాయి. ఫొటోలకు సూపర్. కానీ ఉన్నమాట చెప్పాలి కదా, సగం వీధి ఫ్రిజ్ మాగ్నెట్ల దుకాణాలే. పైన సెయింట్ ఆంటోనీ చర్చి కూడా త్రుల్లీ ఆకారంలోనే ఉంటుంది. నాకు నచ్చింది మాత్రం ఎదురుగా ఉన్న అయా పిక్కోలా అనే పేట. అక్కడ జనం కాపురాలుంటున్నారు, దండేల మీద బట్టలు ఆరుతుంటాయి. దయచేసి కిటికీల్లోకి ఫోన్లు పెట్టకండి. త్రుల్లో సొవ్రానో అనే రెండంతస్తుల ఇల్లు ఇప్పుడు మ్యూజియం. లోపల చూడొచ్చు.

బారీ నగరం నుంచి లోకల్ ట్రైన్‌లో పొద్దున వచ్చి సాయంత్రానికి వెళ్లిపోవచ్చు. కానీ కుదిరితే ఒక రాత్రి ఉండండి, చాలా త్రుల్లీలు అద్దెకిస్తారు. టూర్ బస్సులు వెళ్లిపోయాకే ఊరు ఊరిలా ఉంటుంది. జులై, ఆగస్టుల్లో మాత్రం రద్దీతో పాటు ఎండ కూడా దంచేస్తుంది.

అన్నట్టు, శాకాహారులు ఒక్క మాట వినండి. ఇక్కడి ఒరెక్కియెట్టె పాస్తాలో ఆకుకూరతో పాటు చిన్న చేపలు కూడా కలుపుతుంటారు. ఆర్డర్ ఇచ్చే ముందే అడగండి.