చర్చ: వేసవిలో తగ్గే సరస్సు ఎవరిది?

సంధానకర్త: చిత్తడి నేలల గురించి 1971లో ఇరాన్‌లోని రామ్‌సార్‌లో ఒప్పందం కుదిరింది. దాని లెక్కలో బురద నేల, చెరువు, ఉప్పుకయ్య, చివరికి ఆటు సమయంలో ఆరు మీటర్ల లోతు మించని సముద్రతీరం కూడా చిత్తడి నేలలే. మేడమ్, ఇన్నింటినీ ఒకే గాటన కట్టడం సబబేనా?

అధ్యాపకురాలు: నీటి నడక చూడకుండా కడితే సబబు కాదు. కొల్లేరు మంచినీటి సరస్సు. పులికాట్‌లో ఉప్పునీరు, మంచినీరు కలుస్తాయి. అక్కడ ఫ్లెమింగో ముక్కును తలకిందులు చేసి నీటిని వడకట్టుకుని తింటుంది. కోరింగ మడ అడవి రోజుకు రెండుసార్లు పోటుకు తడుస్తుంది. ఆటు వేళ చూడండి, బురదలోంచి పెన్సిళ్లు గుచ్చినట్టు వేర్లు పైకి లేచి ఉంటాయి. ఆ బురదలో గాలి ఆడదు కదా, చెట్టు వాటితోనే ఊపిరి పీల్చుకుంటుంది. రొయ్య పిల్లలు, చేప పిల్లలు ఆ వేర్ల మాటునే పెరుగుతాయి.

మత్స్యకారుడు: మా కొల్లేరు వానాకాలంలో ఉబ్బుతుంది, వేసవిలో ముడుచుకుంటుంది. ముడుచుకున్నప్పుడు బయటపడిన నేలను చూసి, ఖాళీగా ఉంది కదా అని గట్లు పోశారు.

అధ్యాపకురాలు: అసలు చిక్కు అక్కడే ఉంది. బుడమేరు, తమ్మిలేరు తెచ్చే వరద పరచుకోవలసిన చోటది. పరచుకుని ఉప్పుటేరు గుండా సముద్రానికి దిగాలి. గట్లు అడ్డుపడితే ఆ నీళ్లు పొలాల మీద, ఊళ్ల మీద పడతాయి.

సంధానకర్త: 1999లో కొల్లేరులో ఐదో కాంటూరు వరకు, అంటే సముద్రమట్టానికి ఐదు అడుగుల ఎత్తు గీత దాకా, 308 చదరపు కిలోమీటర్లను అభయారణ్యం చేశారు. 2002లో రామ్‌సార్ జాబితాలోకి ఎక్కింది. 2006లో చేపల చెరువుల గట్లు తెగ్గొట్టారు కూడా.

మత్స్యకారుడు: తెగ్గొట్టారు. మరి లీజుకిచ్చి, తన చెరువులోనే కూలికి పోయినవాడి సంగతి? చెరువు తవ్వినప్పుడు అతన్ని ఎవరూ అడగలేదు, పూడ్చినప్పుడూ అడగలేదు.

అధ్యాపకురాలు: ఒప్పుకుంటాను. మావాళ్లం గూడబాతుల గూళ్లు లెక్కపెట్టినంత శ్రద్ధగా లంకల్లో పొయ్యిలు లెక్కపెట్టలేదు.

సంధానకర్త: ఇంతకీ ఇప్పుడు నీళ్లెలా ఉన్నాయి?

మత్స్యకారుడు: ఎండాకాలం సరస్సులో మట్టం తగ్గితే ఉప్పుటేటిలో సముద్రం ఎదురెక్కుతుంది. చిన్నప్పుడు పడవలోంచి చెయ్యి ముంచి కొల్లేటి నీళ్లు తాగాను. ఇప్పుడు అదే పడవలో నీళ్ల డబ్బా వేసుకుని వేటకు వెళుతున్నాను.