గిట్ పోర్సలిన్ రివ్యూ: ఒక్క ప్లస్ గుర్తు నా బ్యాకప్ ఆపేసింది

అందరికీ నమస్తే, కడప నుంచి మాట్లాడుతున్నా. ఈరోజు రివ్యూ ఫోనుది కాదు, ఇయర్‌బడ్స్‌దీ కాదు, గిట్‌లో, అంటే కోడ్‌లో చేసిన మార్పులన్నీ గుర్తుపెట్టుకునే సాఫ్ట్‌వేర్‌లో, మనం కమాండ్ కొడితే తెరమీద వచ్చే రాతది. రాతకు రివ్యూ ఏందబ్బా అంటారేమో, ఆ రాతలో ఒక గుర్తు కొత్తగా వచ్చినందుకే నాకు పదకొండు రోజులు బ్యాకప్ లేదు.

ఏడురోడ్ల దగ్గర ఒక షాపు బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ నేను చూసుకుంటా. రాత్రి రెండింటికి ఒక స్క్రిప్ట్ లేచి, మెర్జ్ అయిపోయిన బ్రాంచీలు, అంటే అసలు కోడ్‌లో కలిసిపోయిన పక్క పాయలు, తీసేసి, ఆ తర్వాత బ్యాకప్ తీస్తుంది. పేర్ల కోసం గిట్ బ్రాంచ్ కొట్టి, నక్షత్రం గుర్తున్న లైను, అంటే ఇప్పుడు తెరిచున్న బ్రాంచ్, వదిలేసి, మిగతావన్నీ డిలీట్‌కు పంపేవాణ్ణి. 2019లో వచ్చిన గిట్ 2.23 నుంచి, వేరే వర్క్‌ట్రీలో, అంటే అదే ప్రాజెక్టుకు పెట్టుకున్న ఇంకో ఫోల్డర్లో, తెరిచి ఉన్న బ్రాంచ్ ముందు ప్లస్ కూడా వస్తుంది. సర్వర్లో పాత గిట్ ఉన్నన్నాళ్లూ బతికిపోయా. అప్‌గ్రేడ్ చేసి, ఒక వర్క్‌ట్రీ పెట్టుకున్న రాత్రే నా స్క్రిప్ట్ పోయి ప్లస్ అనే బ్రాంచ్‌ను తీసెయ్ అని అడిగింది. అట్లాంటి బ్రాంచే లేదని గిట్ ఎర్రర్ కొట్టింది, స్క్రిప్ట్ అక్కడే ఆగింది.

తప్పు గిట్‌ది కాదు, నాది. బోర్డు చదవకుండా రంగు చూసి బస్సెక్కినట్టు చేశా. మనుషులు చదివే రాత మారుతూనే ఉంటుంది. 2018లో గిట్ 2.16 వచ్చినప్పుడు కమిట్ హ్యాష్ (సేవ్ చేసిన ఒక్కో మార్పుకు గిట్ ఇచ్చే గుర్తింపు కోడ్) వెనకుండే మూడు చుక్కలు తీసేశారు, కాకపోతే పాతదే కావాలనే వాళ్లకోసం ఒక ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్, అంటే సిస్టమ్‌లో పెట్టుకునే సెట్టింగ్, ఉంచారు. స్క్రిప్టుకు బ్రాంచ్ పేర్లు కావాలంటే ఫర్ ఈచ్ రెఫ్ అనే కమాండ్ వాడాలి, ఏ ఫార్మాట్‌లో కావాలో మనమే చెప్పొచ్చు.

ఇక స్టేటస్, అంటే ఏ ఫైళ్లు మారాయో చెప్పే కమాండ్. దీనికి పోర్సలిన్ అనే ఆప్షన్ ఉంది. పేరు మాత్రం తలనొప్పి: గిట్ భాషలో పోర్సలిన్ అంటే బయటికి కనిపించే పింగాణీ వాష్‌బేసిన్, అంటే మనుషులు వాడే కమాండ్లు, గోడలోపలి పైపులు ప్లంబింగ్. తీరా చూస్తే స్క్రిప్టుల కోసం పెట్టిన ఆప్షన్‌కు పింగాణీ పేరు పెట్టారు! దీని రాత చూడ్డానికి, క్లుప్తంగా చూపే షార్ట్ ఆప్షన్ రాత లాగే ఉంటుంది, కానీ మీ కాన్ఫిగ్‌లో రంగులు పెట్టుకున్నా పట్టించుకోదు, ఏ ఫోల్డర్లో నిలబడి కొట్టినా ఫైల్ పాత్ రిపాజిటరీ (ప్రాజెక్టు ఫోల్డర్) మొదలు నుంచే ఇస్తుంది. గిట్ వెర్షన్ మారినా ఈ ఫార్మాట్ మార్చం అన్న మాట మీద నిలబడింది.

2016లో గిట్ 2.11తో వచ్చిన పోర్సలిన్ వెర్షన్ 2 ఇంకా నచ్చింది. బ్రాంచ్ వివరాలు # గుర్తుతో మొదలయ్యే హెడర్ లైన్లలో వస్తాయి, తెలియని హెడర్ కనిపిస్తే వదిలేయండి అని డాక్యుమెంటేషన్‌లోనే రాశారు. రేపు కొత్తది చేర్చినా, ఆ మాట విన్నవాళ్ల స్క్రిప్ట్ పగలదు.

తెలుగు ఫైల్ పేర్లున్నవాళ్లు ఇది చూడండి. కడప అని ఫైల్ పేరు పెట్టి స్టేటస్ కొడితే \340\260\225\340\260\241\340\260\252 అని వస్తుంది. భయపడాల్సిందేం లేదు, ఒక్కో అక్షరానికి మూడు బైట్లు, అంతే. మైనస్ జెడ్ (-z) అనే ఆప్షన్ పెడితే పేరు ఉన్నదున్నట్టు వస్తుంది. కాకపోతే వెర్షన్ 1లో మైనస్ జెడ్ పెడితే, పేరు మార్చిన ఫైలుకు మామూలుగా వచ్చే వరస తిరగబడి, కొత్త పేరు ముందు, పాత పేరు వెనక వస్తాయి. ఈ తిరకాసు ఎందుకు సామీ?

వెర్షన్ 2కు పదికి ఎనిమిది ఇస్తున్నా, ఆ పేరుకే రెండు కట్. నిన్న రాత్రి వెతికితే గిట్ బ్రాంచ్ రాతను కోసుకునే స్క్రిప్టులు నా దగ్గర ఇంకా మూడు దొరికాయి, కెమెరా ఆపి వాటి దగ్గరికే పోతున్నా.