డెట్రాయిట్ గోదాములో 11,341 పెట్టెలు

శ్రోతలకు నమస్కారం.

2009లో అమెరికాలోని డెట్రాయిట్‌లో, ప్రాసిక్యూటర్ ఆఫీసు నుంచి ఒకాయన పోలీసుల గోదాముకు వెళ్ళారు. అరల నిండా అట్టపెట్టెలు. ఒక్కో పెట్టెలో ఒక్కో అత్యాచార బాధితురాలి నుంచి ఆస్పత్రిలో తీసిన నమూనాలు. లెక్కపెడితే 11,341 తేలాయి. కొన్ని 1980ల నాటివి. చాలావాటిని ఎవరూ పరీక్షకే పంపలేదు.

ఆ నమూనాలు ఇవ్వడం తేలికైన పని కాదు. ఘోరం జరిగిన కొద్ది గంటలకే, స్నానమైనా చేయకుండా, ఆస్పత్రి బల్ల మీద గంటల తరబడి పడుకుని, పరాయి చేతులు మళ్ళీ తాకుతుంటే ఓర్చుకోవాలి. చేసినవాడు దొరుకుతాడన్న ఆశ ఒక్కటే ఆమెతో అది చేయిస్తుంది. ఆ ఆశను తీసుకెళ్ళి అరలో పెట్టి మరిచిపోయారు. ఎన్నిసార్లు తలుచుకున్నా నా మనసు దీన్ని ఒప్పుకోదు.

డబ్బు లేకపోవడం ఒక కారణం, నిజమే. ఒక్కో పెట్టె పరీక్షకు వెయ్యి డాలర్ల పైమాటే. కానీ ఆడవాళ్ళ మాట నమ్మకపోవడం కూడా కారణమని తర్వాత పోలీసు రికార్డులే బయటపెట్టాయి.

అప్పటికే అక్కడ ఒక చట్టం ఉంది. 1989లో వర్జీనియాలో డెబ్బీ స్మిత్ అనే గృహిణిపై ఒకడు అత్యాచారం చేశాడు. ఎవరికైనా చెబితే మళ్ళీ వచ్చి చంపుతానన్నాడు. వాడు ఎప్పుడొస్తాడోనన్న టెన్షన్‌తోనే ఆమె ఆరేళ్ళు గడిపింది. 1995లో ఆమె దగ్గర తీసిన నమూనాలోని డీఎన్‌ఏ ఒకడితో సరిపోలింది. చూస్తే, వాడు వేరే నేరంలో అప్పటికే జైల్లో ఉన్నాడు! ఆమె పేరుతోనే 2004లో చట్టం వచ్చింది. పేరుకుపోయిన నమూనాల పరీక్షకు, ల్యాబుల బలోపేతానికి ఏటా 15.1 కోట్ల డాలర్ల వరకు ఇవ్వవచ్చని అందులో రాశారు.

డెట్రాయిట్‌లో ప్రాసిక్యూటర్ కిమ్ వర్థీ ప్రభుత్వాల దగ్గర, దాతల దగ్గర ఏళ్ళ తరబడి నిధులు అడిగారు. పెట్టెలన్నీ పరీక్షించాక, ఒకరి తర్వాత ఒకరిపై అత్యాచారం చేస్తూ పోయిన నేరస్థులు 800 మందికి పైగా ఉన్నట్టు తేలింది. మొదటి పెట్టె తెరిచి ఉంటే, తర్వాతి ఆడపిల్లలు ఎంతమంది క్షేమంగా ఉండేవారో!

అయితే రిపోర్టు వస్తే సరిపోదు. కేసు తిరగతోడే పోలీసు కావాలి, ఇరవై ఏళ్ళ తర్వాత ఆమె తలుపు తట్టి మెల్లగా మాట్లాడే మనిషి కావాలి. అందుకే ఇలా పేరుకుపోయిన నమూనాల కోసం 2015లో మొదలైన అమెరికా ప్రభుత్వ పథకం వాళ్ళకు కూడా డబ్బు ఇచ్చింది.

ఇక మన సంగతి. మన దేశంలో ఈ డీఎన్‌ఏ పరీక్షకు బాట వేసింది హైదరాబాదే. అక్కడి సీసీఎంబీ పరిశోధన సంస్థలో శాస్త్రవేత్త లాల్జీ సింగ్ గారు 1980ల చివర్లో డీఎన్‌ఏ ఫింగర్‌ప్రింటింగ్‌ను, అంటే డీఎన్‌ఏతో మనిషిని గుర్తుపట్టే పద్ధతిని, అభివృద్ధి చేశారు. 2024 జూలై 1 నుంచి అమల్లోకి వచ్చిన కొత్త నేర ప్రక్రియా చట్టం, ఏడేళ్ళు, అంతకుమించి శిక్ష పడే నేరాల్లో ఫోరెన్సిక్ నిపుణులు స్థలానికి వెళ్ళాలంటోంది. దీన్ని అమలు చేయడానికి రాష్ట్రాలకు ఐదేళ్ళ వరకు గడువు ఇచ్చారు. అదే ఏడాది కేంద్రం ల్యాబులకు, శిక్షణ ప్రాంగణాలకు 2028-29 వరకు 2,254.43 కోట్ల రూపాయలు మంజూరు చేసింది. మంచిదే. కానీ నమూనాలు ఇంకా పెరుగుతాయి. యంత్రం కొన్నంత త్వరగా సైంటిస్టు తయారు కాడు. ఖాళీ పోస్టులు ముందు నింపాలని నేను గట్టిగా కోరుతున్నాను.

ఎందుకంటే, ఎఫ్‌ఎస్‌ఎల్ (ఫోరెన్సిక్ ల్యాబు) రిపోర్టు రాలేదని కోర్టులో వాయిదా పడ్డ రోజున, పొద్దున్నే కూలి మానుకుని వచ్చిన తల్లి, కూతురి చేయి పట్టుకుని మళ్ళీ ఊరి బస్సు ఎక్కుతుంది.